బెడ్‌రూమ్ గోడకు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తెలియడం లేదు, బాత్రూమ్ మొత్తం తవ్వాలంటున్నారు

మూడో అంతస్తు (నిజాంపేట, హైదరాబాద్), శనివారం ఉదయం

అందరికీ నమస్కారం. నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోర్‌లో అద్దెకుంటున్నాం. బిల్డింగ్ కట్టి పన్నెండేళ్లు దాటింది. దసరా తర్వాత ఒకరోజు బెడ్‌రూమ్‌లో బీరువా జరిపితే వెనక గోడకు అరచేయంత చెమ్మ కనిపించింది. ఇప్పుడది మోకాలెత్తుకు పెరిగింది. కింద స్కర్టింగ్ పొడవునా పాకింది. పుట్టీ ఉబ్బి పెచ్చులూడుతోంది, తెల్లటి ఉప్పు పూస్తోంది. బీరువా వెనక రేకు తుప్పు పట్టింది. ఆ గదిలో పడుకునేది మా అత్తయ్య, ఆవిడకు ఆయాసం ఉంది. బూజు వాసనకు రాత్రుళ్లు దగ్గు ఎక్కువైంది.

ఆ గోడకు అవతల సగం మా అటాచ్డ్ బాత్రూమ్, మిగతా సగం పైపులు దిగే డక్ట్.

ఓనర్ బెంగళూరులో ఉంటారు. ఆయన పంపిన ప్లంబర్ వచ్చి స్క్రూడ్రైవర్ పిడితో బాత్రూమ్ టైల్స్ మీద కొట్టి చూసి, లోపల బోలుగా ఉంది, మొత్తం తవ్వి వాటర్‌ప్రూఫింగ్ చేయాలి, 85 వేలవుతుంది అన్నాడు. పావుగంటలో తేల్చేశాడు. ఓనర్ ఏమో, మీ వాడకం వల్లే కాబట్టి సగం అడ్వాన్స్‌లో పట్టుకుంటానంటున్నారు. నీళ్లు అక్కడి నుంచే వస్తున్నాయని ఎవరూ చూపించలేదు. తవ్వక ముందే కనిపెట్టే దారి ఉందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పైపురెంచి (కూకట్‌పల్లి)

మేడమ్, నేను ప్లంబింగ్ పని చేస్తాను. టైలు బోలు శబ్దం వచ్చినంత మాత్రాన లీకు ఉన్నట్టు కాదు. కింద మాలు సరిగ్గా పరవకపోయినా అదే శబ్దం వస్తుంది. తవ్వొద్దు, ఆగండి.

ముందు నాకు కావాల్సింది టైము. చెమ్మ ఎప్పుడు ఎక్కువగా ఉంటోంది, ఎప్పుడు తగ్గుతోంది? గోడలో దాచిన నీళ్ల పైపు కారితే పగలూ రాత్రీ తేడా లేకుండా వస్తూనే ఉంటుంది, ఎందుకంటే ఓవర్‌హెడ్ ట్యాంకు ప్రెషర్ ఎప్పుడూ ఉంటుంది. డ్రైనేజీ వైపు కారితే స్నానాలు, బట్టలు ఉతకడం అయ్యాక ఎక్కువై తర్వాత తగ్గుతుంది.

పెన్సిల్‌తో చెమ్మ అంచు చుట్టూ గీత గీసి పక్కన తారీఖు, టైము రాయండి. పొద్దున, సాయంత్రం రెండుసార్లు. ఇవాళ రాత్రి బాత్రూమ్‌కి వచ్చే మెయిన్ వాల్వ్ కట్టేసి పడుకోండి. గీజర్ స్విచ్ కూడా ఆపండి.

గుంటూరు మేస్త్రి

పైపు అన్న చెప్పింది సరే గానీ, నా అనుభవంలో పదిళ్లలో ఏడిళ్లకు నహానీ ట్రాప్ (బాత్రూమ్ నేల మీది నీళ్లు డ్రైనేజీలోకి దిగే చోటు) దగ్గరే జబ్బు. బాత్రూమ్ స్లాబు మిగతా ఇంటికన్నా అడుగు దాకా కిందికి వేస్తారు, సంకెన్ అంటాం. అందులో పైపులు పరిచి ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేస్తారు. టైలు సందుల్లో పూసిన వైట్ సిమెంటు ఏడెనిమిదేళ్లకు రాలిపోతుంది. రోజూ పోసిన నీళ్లు సన్నగా దిగి ఆ ఇటుక ముక్కల్లో నిలుస్తాయి. నిండాక పక్క గోడలోకి ఎక్కుతాయి. మీ గోడకు మచ్చ కింద నుంచి పైకి పెరిగిందన్నారు కదమ్మా, అందుకే నాకు అదే అనుమానం.

పరీక్ష తేలికే. నహానీ జాలీ తీసి లోపల తడి గుడ్డ చుట్టి గట్టిగా బిగించండి. గడప దాటకుండా అంగుళం నీళ్లు నిలబెట్టి ఒక రోజంతా వదిలేయండి. ఆ రోజు ఆ బాత్రూమ్ వాడొద్దు. నీటి మట్టం బాగా పడిపోయినా, గోడ చెమ్మ గీత దాటినా సంకెన్‌లోకి దిగుతున్నట్టే.

విశ్రాంత ఏఈ (విశాఖపట్నం)

అమ్మా, పరీక్షలన్నీ తర్వాత. ఆ గోడ మీద స్విచ్ బోర్డు గానీ ప్లగ్ పాయింట్ గానీ ఉందా? ఉంటే మెయిన్ బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే స్విచ్, అంటే ఎంసీబీ, ఆపేయండి. తడి గోడలో వైరు కండ్యూట్‌లోకి నీళ్లు చేరితే గోడే షాక్ కొట్టొచ్చు. మీ మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్) ఉందో లేదో చూడండి. ఉంటే దాని మీద టెస్ట్ బటన్ నొక్కితే పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే.

ఇంకో మాట. బూజు తుడవడానికి బ్లీచింగ్ వాడతారు చాలామంది. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో దాన్ని ఎప్పుడూ కలపవద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఆయాసం ఉన్న మనిషి ఇంట్లో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. వీలైతే చెమ్మ ఆరే దాకా అత్తగారిని వేరే గదిలో పడుకోబెట్టండి.

మూడో అంతస్తు, సోమవారం రాత్రి

అందరికీ ధన్యవాదాలు. ఏఈ గారూ, ఆ గోడ మీద ఒక ప్లగ్ పాయింట్ ఉంది, దాని ఎంసీబీ ఆపేశాం. అత్తయ్యను హాల్లోకి మార్చాం.

శనివారం రాత్రి బాత్రూమ్ వాల్వ్ కట్టేశాం. ఆదివారం పొద్దున ఏడింటికి చూస్తే చెమ్మ గీత దాటి రెండు వేళ్ల మందం పెరిగింది. స్కర్టింగ్ సందులో నీటి బొట్లు కూడా నిలిచి ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నానికి బొట్లు లేవు. వాల్వ్ మాత్రం అప్పటికీ కట్టేసే ఉంది. సోమవారం పొద్దున కొత్తగా ఏమీ పెరగలేదు.

ఫ్లష్ ట్యాంకులో రంగు కలిపి కూడా చూశాం. కమోడ్‌లోకి రంగు దిగలేదు, గోడ మీదా కనిపించలేదు.

పైపురెంచి

వాల్వ్ కట్టేసినా పెరిగిందంటే మీ బాత్రూమ్ నీళ్ల పైపుల మీద అనుమానం తీసేయొచ్చు. వాల్వ్ పూర్తిగా పడిందా? కట్టేశాక బాత్రూమ్ కుళాయిలన్నీ తిప్పి చూశారా? పాత గేట్ వాల్వ్‌లు చక్రం ఆఖరి దాకా తిరిగినా లోపల కొంచెం వదులుతాయి.

మూడో అంతస్తు

చూశాం అన్నా. కుళాయిలో పైపులో మిగిలిన నీళ్లు వచ్చి ఆగిపోయాయి. తర్వాత చుక్క రాలేదు.

లా కాగితం (హైదరాబాద్)

లీకు సంగతి వాళ్లు చూసుకుంటారు, డబ్బు సంగతి నేను చెబుతాను. "వాడకం వల్ల" అన్న మాటను వాట్సాప్‌లో ఒప్పేసుకోకండి. కారణం తేలలేదు, తేలాక మాట్లాడదాం అని రాతపూర్వకంగా పెట్టండి. ఫొటోలు తేదీలతో పంపండి. చెమ్మ కనిపించిందని ఓనర్‌కి చెప్పడం మీ బాధ్యత, ఆ చెప్పినట్టు రుజువు మీ దగ్గర ఉండాలి.

కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఎవరి రిపేరు ఎవరిదో పట్టిక ఉంది. కుళాయి వాషర్లు, కుళాయిలు మార్చడం, డ్రైన్ శుభ్రం చేయించడం, గీజర్, స్విచ్‌లు, సాకెట్లు అద్దెకున్నవారి లెక్క. గోడలు, స్లాబు లాంటి నిర్మాణ రిపేర్లు, అవసరమైనప్పుడు పైపులు మార్చడం, గోడలకు సున్నం ఓనర్ లెక్క. అది నమూనా మాత్రమే, రాష్ట్రం సొంత చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. అయినా మాట్లాడుకోవడానికి మంచి కొలమానం.

దేశమంతటికీ పాతది ఒకటుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, సెక్షన్ 108. ఓనర్ చేయించాల్సిన రిపేరు, నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చు అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. అయితే "ఓనర్ చేయించాల్సిన" అన్నది మీ అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. అగ్రిమెంట్ తీసి ఒకసారి చదవండి.

హన్మకొండ ఓనరమ్మ

నాకు రెండు ఫ్లాట్లు అద్దెకున్నాయి, కాబట్టి అవతలి వైపు మాట కూడా చెప్పనివ్వండి. అద్దెలోంచి కోసుకోండి అని చెప్పడం తేలిక. దూరంగా ఉన్న ఓనర్‌కి ఫోన్‌లో "చెమ్మ వస్తోంది" అంటే ఏం అర్థమవుతుంది? ఆయన ప్లంబర్‌ను నమ్ముతాడు, ఇంకెవర్ని నమ్ముతాడు? మీరు చేస్తున్న ఈ గీతలు, టైములు ఆయనకు రోజూ పంపండమ్మా. నా ఫ్లాట్‌లో ఉన్న అమ్మాయి అలాగే వీడియోలు పంపింది, నేను ఆ రోజే మనిషిని పంపాను. గొడవ పెట్టుకుంటే ఆయన మొండికేస్తాడు.

కానీ కారణం తేలక ముందే అడ్వాన్స్‌లో పట్టుకుంటాననడం మాత్రం ధర్మం కాదు. అది నేనూ ఒప్పుకోను.

మూడో అంతస్తు, బుధవారం

మేస్త్రి గారు చెప్పిన పరీక్ష చేశాం. అంగుళం నీళ్లు రోజంతా నిలబెట్టాం. మరుసటి రోజుకు మట్టం దాదాపు అలాగే ఉంది. ఆ రోజంతా గోడ పెరగలేదు. గుడ్డ తీసి నీళ్లు వదిలాక కూడా ఏమీ కాలేదు.

ఇంకా ఒక మాట. గోడకు పెచ్చులు లేని చోట అల్యూమినియం ఫాయిల్ ముక్క అంచులన్నీ టేపుతో అతికించమని మా తమ్ముడు చెప్పాడు. గది వైపు తడి పడితే గాలిలోని తేమ, గోడ వైపు పడితే లోపలి నుంచి వచ్చే నీళ్లు అట. మాకు గోడ వైపే పడింది.

గుంటూరు మేస్త్రి

అయితే మీ బాత్రూమ్ కాదు తల్లీ. టైల్స్ తవ్వనివ్వకండి. పై ఫ్లోర్ వాళ్లది చూడాలి. వాళ్ల సంకెన్‌లోంచి దిగిన నీళ్లు గోడ లోపల్లోపలే కిందికొచ్చి, మీ స్కర్టింగ్ దగ్గర బయటపడొచ్చు. మధ్యలో ఎక్కడా మచ్చ కనిపించకుండా రావడం నేను చూశాను.

మూడో అంతస్తు, సంక్రాంతి తర్వాత

సంక్రాంతికి అపార్ట్‌మెంట్ సగానికి పైగా ఖాళీ అయింది. పైన 402 వాళ్లు రాజమండ్రి వెళ్లారు, వెళ్లేటప్పుడు వాల్వ్‌లన్నీ కట్టేసి వెళ్లారు. మేం ఊరెళ్లలేదు. వాళ్లు లేని రోజుల్లో గోడ బాగా ఆరింది. గీత లోపలికి జానెడు తగ్గింది. వాళ్లు తిరిగొచ్చిన రెండో రోజు పొద్దున మళ్లీ బొట్లు!

ఇక అనుమానం లేదనిపించి పైకెళ్లి మాట్లాడాం. మా బాత్రూమ్ టైలు సందుల్లో పోయినేడాదే ఎపాక్సీ వేయించాం, మాది కాదు అన్నారు ఆంటీ. కొంచెం గట్టిగానే అన్నారు.

మియాపూర్ సెక్రటరీ

నేను మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని. ఇలాంటి పంచాయితీలు మాకు ఏటా ఉంటాయి. పై ఇంటివాళ్లతో నేరుగా తేల్చుకోకండి, రేపు లిఫ్ట్‌లో ముఖాలు చూసుకోవాలి. అసోసియేషన్‌కి రాయండి. సెక్రటరీ, ఒక ప్లంబర్, రెండిళ్ల వాళ్లు కలిసి 402లో అదే అంగుళం నీళ్ల పరీక్ష చేయించాలి. 402లో తేలితే ఖర్చు 402 ఓనర్‌ది, అక్కడ అద్దెకున్నవాళ్లది కాదు.

దిల్‌సుఖ్‌నగర్ శారీస్

వాళ్లు లేనప్పుడు ఆరింది, వచ్చాక తడిసింది. ఇంకా పరీక్షలెందుకండి? 402 వాళ్లదే. గట్టిగా అడగండి.

హన్మకొండ ఓనరమ్మ

నాకూ 402 అనే అనిపిస్తోంది.

పైపురెంచి

నేను ఒప్పుకోను. 402 వాళ్లొక్కరే ఊరెళ్లారా? సగం అపార్ట్‌మెంట్ ఖాళీ అయిందని మేడమ్ రాశారు. జనం లేకపోతే మారేది ఒక ఇంటి వాడకమే కాదు. ఇంకా ఏమేం మారాయో చూడాలి.

పాత మెసేజ్‌లు మళ్లీ చదివాను. చెమ్మ పొద్దునే పెరుగుతోంది. మధ్యాహ్నానికి తగ్గుతోంది. ఒక పొద్దున వస్తే మరో పొద్దున రావడం లేదు. 402 వాళ్లు రోజు విడిచి రోజు స్నానం చేయరు కదా! మేడమ్, మీ అపార్ట్‌మెంట్‌లో రోజు విడిచి రోజు జరిగేది ఏముంది?

మూడో అంతస్తు

మంజీరా నీళ్లు, అంటే వాటర్ బోర్డు సరఫరా నీళ్లు! రోజు విడిచి రోజు తెల్లవారుజామున వస్తాయి. మాకు పైన రెండు ట్యాంకులు. బోరు నీళ్ల ట్యాంకు నుంచి బాత్రూమ్‌లకు, మంజీరా ట్యాంకు నుంచి కిచెన్‌లో ఒక్క కుళాయికి వస్తాయి. మంజీరా ముందు కింద సంపులో పడతాయి, వాచ్‌మన్ మోటార్ వేసి పైకి ఎక్కిస్తాడు. కానీ కిచెన్ ఆ చివరన ఉందన్నా, ఈ గోడకు దానికి సంబంధం లేదు.

విశ్రాంత ఏఈ

అమ్మా, మీరు ఇప్పుడు రాసినది చాలా విలువైన సంగతి. మీ బాత్రూమ్‌కూ, 402 బాత్రూమ్‌కూ వచ్చేది బోరు నీరు. కిచెన్‌కు వచ్చేది మంజీరా. రెండింటి ఉప్పు శాతం ఒకటి కాదు. అంటే గోడలోంచి వచ్చేది ఏ నీరో అడగవచ్చు.

నీటిలో కరిగిన ఉప్పులు ఎంతో చూపే, పెన్ను లాంటి టీడీఎస్ మీటరు ఆర్‌ఓ రిపేరు చేసే అబ్బాయి దగ్గర ఉంటుంది, బయట కొన్ని వందలకే దొరుకుతుంది. స్కర్టింగ్ దగ్గర బొట్లు నిలిచిన పొద్దున, సూది లేని సిరంజితో కొంచెం కొంచెంగా లాగి చిన్న గ్లాసులో పోగు చేయండి. రాలిన పుట్టీ అందులో పడనివ్వకండి. అదే గ్లాసు కడిగి కిచెన్ మంజీరా నీరు, తర్వాత బాత్రూమ్ బోరు నీరు కూడా కొలవండి.

ఫలితం చదవడంలో జాగ్రత్త ఉండాలి. ఇటుక, సిమెంటు గుండా వచ్చిన నీటిలో ఉప్పు పెరుగుతుంది. కాబట్టి రీడింగ్ ఎక్కువ వస్తే ఏమీ తేలనట్టే, మంజీరా నీరే గోడ ఉప్పుతో అంత అయి ఉండొచ్చు. తక్కువ వస్తేనే తేలుతుంది. బోరు నీటి కన్నా బాగా తక్కువ వస్తే అది బోరు నీరు కాదు. ఏసీ నుంచి కారే నీటిలో, వాన నీటిలో కూడా టీడీఎస్ చాలా తక్కువే ఉంటుంది గానీ, ఈ చలికాలంలో మీరు ఏసీ వేయరు, వానలూ లేవు.

క్లోరిన్ ఉంటే పసుపు రంగు చూపే చుక్కల మందుతో చూడమని ఎవరైనా అనవచ్చు. సరఫరా నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నిజమే. గోడలో నానేసరికి అది పోతుంది, పసుపు రంగు రాకపోయినా మంజీరా కాదని చెప్పలేం. అందుకే టీడీఎస్ మేలు.

మూడో అంతస్తు, నీళ్లు వచ్చిన రోజు పొద్దున

ఏఈ గారూ, చేతులు వణుకుతున్నాయి. కిచెన్ మంజీరా 210. బాత్రూమ్ బోరు 940. గోడ నీళ్లు 385!

విశ్రాంత ఏఈ

బోరు నీరు గోడలో ప్రయాణించి 940 నుంచి 385కు దిగడం జరగదమ్మా. సున్నం తగిలి కాఠిన్యం కొంత తగ్గవచ్చు గానీ ఇంత తేడా రాదు. 210 ఉన్న నీరు గోడ ఉప్పును కలుపుకుని 385 కావడం మాత్రం మామూలే. మీ బాత్రూమ్ కాదు, 402 బాత్రూమ్ కాదు. ఆ పెద్దావిడను ఇక ఇబ్బంది పెట్టవద్దు.

ఇప్పుడు ప్రశ్న ఒక్కటే. మీ బెడ్‌రూమ్ గోడ పక్కన మంజీరా నీటిని మోసేది ఏది?

పైపురెంచి

డక్ట్ సార్! సంపు నుంచి పైట్యాంకుకు ఎక్కే డెలివరీ పైపు. కిచెన్‌కి దిగే పైపు ఆ చివరి డక్ట్‌లో ఉండొచ్చు గానీ, ఎక్కే పైపును బిల్డర్ ఎక్కడ దగ్గరైతే అక్కడ లేపేస్తాడు. పన్నెండేళ్ల బిల్డింగ్ అంటే జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు అయ్యుండొచ్చు. జీఐకి మరలు కోసిన చోట జింకు పూత పోతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే.

సంక్రాంతి సంగతి కూడా కుదురుతుంది. జనం లేరు, కిచెన్ నీళ్లు వాడేవాళ్లు లేరు, పైట్యాంకు నిండే ఉంది, వాచ్‌మన్ మోటార్ వేయలేదు. వాచ్‌మన్‌ని అడగండి.

మేడమ్, బాత్రూమ్ వెంటిలేటర్ డక్ట్‌లోకే తెరుచుకుంటుంది కదా? అద్దం పలకలు తీసి ఫోన్ టార్చ్ వేసి వీడియో తీయండి. మోటార్ ఆన్‌లో ఉన్నప్పుడే తీయాలి, ఆగాక తీస్తే పొడిగా కనిపించి మోసపోతారు. ఎవరూ డక్ట్‌లోకి వంగొద్దు, ఫోన్ కర్రకు కట్టండి.

మూడో అంతస్తు, రెండు రోజుల తర్వాత

దొరికింది!!

ముందు వాచ్‌మన్‌ని అడిగాం. పండక్కి ట్యాంకు నిండే ఉందమ్మా, నాలుగు రోజులు మంజీరా మోటార్ ముట్టుకోలేదు అన్నాడు. మామూలుగా నీళ్లొచ్చిన రోజు అయిదింటికి వేసి ఆరున్నర దాకా నడుపుతాడు.

ఇవాళ తెల్లవారుజామున మావారు వెంటిలేటర్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ విప్పి, పలకలు తీసి, మాప్ కర్రకు ఫోన్ కట్టి డక్ట్‌లోకి చాపారు. మోటార్ వేయక ముందు తీసిన వీడియోలో తడి మరకలు తప్ప ఏమీ లేదు. వాచ్‌మన్ మోటార్ వేశాక ఒక నిమిషం దాకా కూడా ఏమీ లేదు. తర్వాత పైపులోంచి గుడగుడ శబ్దం వచ్చింది. మా స్లాబుకు మూరెడు పైన, పైపు రెండు ముక్కలు కలిసే యూనియన్ దగ్గర తుప్పు పొక్కు ఉంది. దాని అంచులోంచి దారప్పోగులా సన్నటి నీటి చిమ్ము మొదలైంది. అది తిన్నగా మా బెడ్‌రూమ్ గోడ వెనక్కే కొడుతోంది. డక్ట్ లోపల గోడకు ప్లాస్టరింగ్ లేదు, వట్టి ఇటుకలు. చిమ్ము తగిలే చోట ఇటుకలు నల్లబడి పచ్చటి పాచి పట్టి ఉన్నాయి, అక్కడి నుంచి కిందికి తుప్పు చారలు. ఇంకా కింద, మా బాత్రూమ్ డ్రైనేజీ పైపు బయటికొచ్చే చోట, ఎప్పుడో వదిలేసిన సిమెంటు మాలు గట్టిపడి గట్టులా ఉంది. కారిన నీళ్లు ఆ గట్టు వెనక చేరి మడుగు కట్టాయి. ఆ మడుగుకు సరిగ్గా ఇవతల మా స్కర్టింగ్!

మావారు వీడియో చూపిస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ 85 వేలు పెట్టి బాత్రూమ్ తవ్వేసి ఉంటే, ఆ చిమ్ము అలాగే కొడుతూ ఉండేది.

విశ్రాంత ఏఈ

చాలా సంతోషం తల్లీ. మీ పెన్సిల్ గీతలు లేకపోతే ఇది దొరికేది కాదు.

మోటార్ ఆగాక కూడా మధ్యాహ్నం దాకా బొట్లు ఎందుకు నిలిచాయో రాస్తాను, ఇలాంటి ఇబ్బంది ఉన్నవారికి పనికొస్తుంది. ఒకటిన్నర అంగుళాల పైపులో మీటరుకు సుమారు 1.3 లీటర్ల నీరు పడుతుంది. ఆ యూనియన్ నుంచి పైట్యాంకు దాకా ఎనిమిది మీటర్లనుకున్నా పది లీటర్ల పైమాటే. మోటార్ ఆగాక కింద వాల్వ్ నీటిని సంపులోకి వెనక్కి పోనివ్వదు. కాబట్టి ఆ పది లీటర్లూ ఆ పొక్కులోంచే మెల్లగా దిగాలి. పై నీటి మట్టం తగ్గే కొద్దీ ప్రెషర్ తగ్గుతుంది, చిమ్ము కాస్తా కారుడు అవుతుంది, మట్టం పొక్కు దాకా దిగాక ఆగిపోతుంది. ఆ తర్వాత కూడా మడుగులో నిలిచినది, ఇటుక తాగినది ఇవతలికి రావడానికి ఇంకొన్ని గంటలు.

మియాపూర్ సెక్రటరీ

ఎక్కే పైపు అందరిదీ. డక్ట్, సంపు, మోటార్, పైట్యాంకు అన్నీ ఉమ్మడి కిందకే వస్తాయి. రిపేరు ఖర్చు అసోసియేషన్ మెయింటెనెన్స్ నుంచే పెట్టాలి. దానివల్ల మీ బెడ్‌రూమ్ గోడకు జరిగిన నష్టం, అంటే ప్లాస్టరింగ్, పెయింట్, అదీ అడగండి. వీడియోతో పాటు మీ ఓనర్ చేత అసోసియేషన్‌కి ఒక మెయిల్ పెట్టించండి. మెంబర్ ఆయన, మీరు కాదు కాబట్టి ఆయన రాస్తే బరువుంటుంది.

పైపురెంచి

రిపేరు గురించి రెండు మాటలు. ఆ పొక్కు మీద ఎం-సీల్ పెట్టి ట్యూబు చుట్టి వదిలేస్తామంటే ఒప్పుకోకండి. మోటార్ ప్రెషర్‌కి అది నిలవదు, నిలిచినా పక్క మరలో మళ్లీ మొదలవుతుంది. యూనియన్‌కి పైనా కిందా తుప్పు లేని చోట దాకా కోసి కొత్త ముక్క వేయాలి. మిగతా ఫ్లోర్లలో యూనియన్లు కూడా అదే వయసువి, ఒకేసారి చూడమనండి. డబ్బుంటే పైపు మొత్తం యూపీవీసీకి (తుప్పు పట్టని ప్లాస్టిక్ పైపుకి) మార్చడం మేలు.

డక్ట్‌లో తాడు పట్టుకుని దిగమని ప్లంబర్‌ని ఎవరూ ఒత్తిడి చేయొద్దు. అడ్డపలకలు, సేఫ్టీ బెల్టు ఉంటేనే పని. మా వాళ్లు ఇలాంటి చోట్లే పడిపోతారు.

హన్మకొండ ఓనరమ్మ

ఓనర్ ఏమన్నారమ్మా?

మూడో అంతస్తు, తర్వాతి ఆదివారం

వీడియో, టీడీఎస్ ఫొటోలు, గోడ మీద తారీఖుల గీతలు అన్నీ పంపించాం. ఆయనే ఫోన్ చేసి, అడ్వాన్స్ మాట వదిలేయండి, అసోసియేషన్‌తో నేను మాట్లాడతాను అన్నారు. ఆ మాట మెసేజ్‌లో పెట్టమని అడిగాం, పెట్టారు. లా కాగితం గారికి ధన్యవాదాలు.

అసోసియేషన్ వాళ్లు పైపు ముక్క మార్పించారు. బెల్టు కట్టుకునే దిగారు. రెండో ఫ్లోర్ దగ్గర ఇంకో యూనియన్ కూడా చెమర్చుతోందట, దాన్నీ మార్చారు. కోసి తీసిన ముక్క చూశాను, మర దగ్గర గోరుతో గీకితే పొరలు పొరలుగా రాలుతోంది. డక్ట్‌లోని సిమెంటు గట్టు కూడా కొట్టించి తీయించాం. తర్వాత మంజీరా రెండుసార్లు వచ్చింది, గోడకు బొట్లు లేవు.

402 ఆంటీ దగ్గరికి వెళ్లి వీడియో చూపించి విషయం చెప్పాం. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. వాళ్ల హాల్ బాత్రూమ్ గోడకు కూడా చిన్న మచ్చ ఉందని, టీడీఎస్ పెన్ను ఒకసారి ఇవ్వమని అడిగారు.

ఇప్పుడు అడగాల్సింది: పుట్టీ, పెయింట్ ఎప్పుడు వేయించాలి? ఓనర్ ఈ వారమే మనిషిని పంపుతానంటున్నారు.

గుంటూరు మేస్త్రి

ఈ వారం వద్దమ్మా. ఉబ్బిన ప్లాస్టరింగ్ ఇటుక దాకా కొట్టించండి, స్కర్టింగ్ టైళ్లు తీయించండి, గోడకు గాలి ఆడాలి. ఫ్యాన్ పెట్టండి. బీరువా గోడకు ఆనించకండి. తెల్లగా పూసిన ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపండి, నీళ్లతో కడగొద్దు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది, ఆరాక మళ్లీ పూస్తుంది. నెల, నెలన్నర పట్టొచ్చు. తర్వాత మళ్లీ ఫాయిల్ అతికించి రెండు రోజులు చూడండి. వెనక తడి లేకపోతే అప్పుడు ప్లాస్టరింగ్, అది ఆరాక పుట్టీ, పెయింట్.

లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తామంటారు. తడి గోడ మీద వేస్తే నీళ్లు లోపలే చిక్కుకుని ఆ పెయింటే బుడగలు లేస్తుంది. వేయించాల్సింది డక్ట్ వైపు ప్లాస్టరింగ్. వట్టి ఇటుకలు వదిలేయడమే అసలు తప్పు. పైపు పనికి అడ్డపలకలు కట్టి ఉంటే అవి విప్పక ముందే ఆ పనీ చేయించుకోమని అసోసియేషన్‌కి చెప్పండి.

విజయవాడ పటమట

థ్రెడ్ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. మా ఇంట్లోనూ బెడ్‌రూమ్ గోడకు చెమ్మే, కానీ మోటార్‌తో సంబంధం లేదు. వాన పడినప్పుడే, అదీ కిటికీ కింద మూల నుంచి వస్తోంది. అక్కడ ఏసీ రంధ్రం కూడా ఉంది. మేం ఎక్కడ మొదలుపెట్టాలి?

పైపురెంచి

కిటికీ ఫ్రేముకి గోడకి మధ్య సందు, పైన సన్‌షేడ్ మీద నీళ్లు నిలుస్తున్నాయా, ఏసీ పైపు రంధ్రం బయటి వైపుకు వాలుగా ఉందా లోపలికి వాలిందా, ఈ మూడూ చూడండి. ఎండ రోజున బయటి నుంచి పైపుతో ఒక్కో చోట విడివిడిగా పావుగంట నీళ్లు కొట్టి లోపల ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి. పైన ముందు కొడితే ఆ నీళ్లు కిందికి కారి ఏది కారణమో తేలదు. ఫొటోలతో కొత్త థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.